సూదిబెజ్జం కెమెరా: బోర్డు మీద బొమ్మేనా?

హైస్కూలు మెట్టు ఎక్కీ ఎక్కకముందే పిల్లలకు సైన్సు పుస్తకంలో సూదిబెజ్జం కెమెరా పాఠం ఎదురవుతుంది. ఒక పెట్టె, దానికొక చిల్లు, ఎదుట కొవ్వొత్తి, వెనుక తెరపై తలకిందులైన మంట. మాస్టారు ఆ బొమ్మను బోర్డు మీద గీస్తారు. పిల్లలు నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటారు. పరీక్షలో వస్తే మార్కులు పడతాయి. అంతటితో సరి. కొందరు ఉపాధ్యాయులు అట్టపెట్టెకు నూనె కాగితం అంటించి చూపిస్తున్న మాట నిజమే, వారు అభినందనీయులు. కాని ఆ పెట్టెతో నిజంగా ఫొటో తీయవచ్చునన్న సంగతి చాలా తరగతి గదుల దాకా రానే లేదు.

అనంతపురం ఎండకు కరువు లేని జిల్లా. వానకోసం ఆకాశంవైపు చూసి చూసి కళ్లు కాయలు కాచిన ఈ సీమలో, ఎండే పెట్టుబడిగా సాగే విద్యను కాదనుకోవడం విచిత్రం.

కావలసిన సరంజామా ఏమంత పెద్దది కాదు. మూత గట్టిగా పడే పాలపొడి డబ్బా ఒకటి, లోపల పూయడానికి నల్లరంగు, కూల్ డ్రింకు డబ్బా నుంచి కత్తిరించిన రేకు ముక్క, సన్నని సూది. రేకును సూదిమొనతో గుచ్చి, వెనుక లేచిన అంచును గరుకు కాగితంతో రుద్ది, డబ్బాకు మేకుతో కొట్టిన రంధ్రంపై అతికించాలి. డబ్బా వెడల్పు పది సెంటీమీటర్లయితే బెజ్జం 0.4 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే చాలు. పెద్దదైతే బొమ్మ మసకబారుతుంది. మరీ సన్ననైనా అంతే, కాంతి అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది. ఎర్రబల్బు వెలుతురులో ఫొటో కాగితాన్ని బెజ్జానికి ఎదురుగా లోపల అమర్చి, బెజ్జం మీద నల్లటేపు అంటిస్తే కెమెరా సిద్ధం. ఆ టేపే షట్టరు. మంచి ఎండలో అర నిమిషం నుంచి ఒక నిమిషం దాకా టేపు తీసి ఉంచాలి. అంతసేపు కనుక, బస్టాండు ఎదుట పెడితే వచ్చిపోయే జనం బొమ్మలో పడరు. నిలిచి ఉన్న బస్సు, వేపచెట్టు మాత్రం పడతాయి. ఎందుకలా అని పిల్లవాడు అడుగుతాడు. పాఠం అక్కడ మొదలవుతుంది.

ఈ విద్య పరాయిది కూడా కాదు. గుంతకల్లులో రైలెక్కి బళ్లారి మీదుగా హోస్పేటలో దిగితే హంపి దగ్గరే. విరూపాక్షాలయం వెనుక భాగంలో ఒక చీకటి గది ఉంది. గోడలోని చిన్న రంధ్రం గుండా తూర్పు రాజగోపురం ఎదుటి గోడపై తలకిందులుగా పడుతుంది. చూపించేవారు దానిని గోపురం నీడ అంటారు. అది నీడ కాదు, కాంతి గీసిన బొమ్మ. జిల్లా నుంచి విహారయాత్రకు వెళ్లే విద్యార్థులు దానిని చూసి ఆశ్చర్యపడి వచ్చేస్తారు. తమ పుస్తకంలోని కొవ్వొత్తి, ఈ గోపురం ఒకటేనని చెప్పేవారు ఉండరు.

హంపి దాకా పోనక్కరలేదు. సీమలోని పాత మిద్దె ఇళ్లకు గవాక్షి ఉండనే ఉంది. దానిపై అట్ట కప్పి, అట్టకు చిన్న చిల్లు పెడితే, నడిమింట ఎండకు నేలపై గుండ్రటి వెలుగుబిళ్ల పడుతుంది. పదడుగుల ఎత్తున్న మిద్దెలో ఆ బిళ్ల వెడల్పు అంగుళం పైచిలుకు. చిల్లును చతురస్రంగా కోసినా బిళ్ల గుండ్రంగానే ఉంటుంది. ఎందుకంటే అది చిల్లు ఆకారం కాదు, సూర్యబింబం. చింతచెట్టు కింద పడే వెలుగుచుక్కలూ అవే. 2019 డిసెంబరు 26 ఉదయం గ్రహణవేళ చెట్ల కింద ఆ చుక్కలన్నీ కొరికిన అప్పాల్లా మారాయి. 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణానికి తలుపులు బిగించుకుని కూర్చున్న తరానికి ఆ దృశ్యం దక్కలేదు. సూర్యుడివైపు వీపు పెట్టి, తెరపై పడిన బింబాన్ని చూస్తే కంటికి ప్రమాదం లేదు. బెజ్జంలోంచి నేరుగా సూర్యుణ్ణి చూడడం మాత్రం ఎప్పుడూ కూడదు.

అసలు చిక్కు ఫొటోను కడగడం దగ్గర ఉంది. ఇక్కడే జిల్లాకు ఒక అవకాశం ఉంది, అది ఎక్కువకాలం ఉండదు. పాతికేళ్ల కిందటి దాకా తాడిపత్రి, గుత్తి, రాయదుర్గం, ఉరవకొండ వంటి పట్టణాల్లో ఫొటో స్టూడియో అంటే వెనుక ఒక చీకటి గది ఉండేది. డెవలపరు ఎంతసేపు, హైపో ఎంతసేపు అన్నది గడియారం చూడకుండా చెప్పగలిగినవారు అందులో పనిచేసేవారు. డిజిటల్ కెమెరా వచ్చింది, ఆపైన సెల్‌ఫోను వచ్చింది. చీకటి గదులు పాత సామాన్ల గదులయ్యాయి. ఆ పనివారిలో ఇప్పటికీ ఉన్నవారు పెద్దవారైపోయారు. వారి చేతిలోని విద్యను అడిగిన వారే లేరు. వారిని ఒక పూట బడికి పిలిచి, శాలువాకు బదులు న్యాయమైన ప్రతిఫలం ఇచ్చి, నాలుగు పళ్లేలు ముందు పెట్టి పిల్లలకు నేర్పమంటే కాదనేవారు తక్కువ.

ఫొటో కాగితం సంగతి కూడా ఆలోచించవలసిందే. 1960లో ఊటీలో ప్రభుత్వం నెలకొల్పిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడింది. ఒకనాడు మన స్టూడియోల్లో కనిపించిన ‘ఇందు’ సరుకు ఇప్పుడు లేదు, విదేశీ కాగితమే దిక్కు. అది చవక కాదు. అయినా ఎనిమిది, పది అంగుళాల కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే పాతిక కాగితాల పెట్టెతో వంద బొమ్మలు తీయవచ్చు. కాగితంపై ఆకాశం నల్లగా, నీడ తెల్లగా పడుతుంది. దానిని సెల్‌ఫోనుతో తీసి రంగులు తిరగవేస్తే చాలు, రెండో కాగితం ఖర్చు ఉండదు. సెల్‌ఫోను పిల్లల్ని చెడగొడుతోందని వాపోయే పెద్దలు దానికి ఈ పని అప్పగించి చూడవచ్చు.

జిల్లా విద్యాశాఖ దీనికోసం కొత్త పథకం ప్రకటించనక్కరలేదు. మండలానికి ఒక ఉన్నత పాఠశాలను ఎంచుకుని, సైన్సు సామగ్రి గదికి కిటికీలు మూసే నల్లగుడ్డ, ఎర్రబల్బు, కాగితం, రసాయనాలు సమకూర్చితే చాలు. పాఠశాలకు వచ్చే నిధుల్లోంచే ఈ మాత్రం ఖర్చు చేయడానికి ప్రధానోపాధ్యాయులకు స్పష్టమైన అనుమతి కావాలి. ఆడిట్ అభ్యంతరాల భయంతో బీరువాల్లో మగ్గే పరికరాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. రసాయనాలను చేత్తో ముట్టుకోకుండా చిమటాలు వాడించాలి, వాడిన నీటిని మంచినీటి కుళాయిల వైపు పారబోయకుండా చూడాలి.

ప్రపంచవ్యాప్తంగా ఈ కెమెరాల దినాన్ని 2001 నుంచి ఏప్రిల్ చివరి ఆదివారం జరుపుకుంటున్నారు. అప్పటికి మన బడులకు వేసవి సెలవులు. ఫిబ్రవరి 28, జాతీయ సైన్సు దినం మనకు అనువైనది. ఎండ ఉంటుంది, పిల్లలూ ఉంటారు.

సెలవుల్లో కూడా పనిచేసే కెమెరా కావాలంటే అదీ ఉంది. ఫొటో కాగితం పెట్టిన డబ్బాను డిసెంబరు 22న బడి మిద్దెపై తూర్పు ముఖంగా కట్టి, బెజ్జం తెరిచి వదిలేస్తే, రోజుకొక గీత చొప్పున సూర్యుడి దారి కాగితంపై పడుతుంది. డెవలపరుతో పని లేదు. ఆగ్నేయంవైపు ఉదయించిన సూర్యుడు జూనుకు ఈశాన్యంవైపు ఎలా జరిగాడో అందులో కనిపిస్తుంది. మబ్బు కమ్మిన రోజు గీత తెగుతుంది. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం అబ్జర్వేటరీలో 2012లో బీరు డబ్బాతో ఇలా కట్టి మరచిపోయిన కెమెరా 2020లో, ఎనిమిదేళ్ల గీతలతో దొరికింది. మన బడులకు ఆరు నెలలు చాలు. జూన్‌లో బడి తెరిచిన వారం డబ్బా విప్పుకోవచ్చు. ఈలోగా కోతులు పీక్కుపోకుండా ఇనుప తీగతో గట్టిగా బిగించాలి.