అనుమతి ఉంటే భద్రత ఉన్నట్టేనా?

అగ్నిపర్వతం ఎక్కడం వ్యక్తిగత సాహసమే కదా, ప్రభుత్వానికేం పని అని మీరు అడగవచ్చు. ఇండోనేషియాలోని మరాపి పర్వతాన్ని గమనించండి. 2011 నుంచి అక్కడ రెండో స్థాయి హెచ్చరిక ఉండేది. బిలానికి 3 కిలోమీటర్ల లోపలికి వెళ్లవద్దని అగ్నిపర్వత పరిశీలన సంస్థ సూచించింది. అయినా అటవీ సంరక్షణ విభాగం ఆరోహణకు అనుమతులిచ్చింది. 2023 డిసెంబర్ 3న విస్ఫోటనం జరిగేటప్పటికి కొండపై 75 మంది ఉన్నారు. 24 మంది మరణించారు. మళ్లీ మళ్లీ బూడిద ఎగజిమ్ముతుంటే, సహాయక సిబ్బంది ప్రాణాలకు తెగించి పైకెళ్లారు. అంటే సాహసం ఒకరిదైనా ప్రమాదం అందరిదీ.

నా దృష్టిలో పూర్తి నిషేధం పరిష్కారం కాదు. హెచ్చరించే సంస్థ మాటకు అనుమతిచ్చే సంస్థ కట్టుబడాలి. విపత్తు నిర్వహణ జవాబులో మీరు రాయాల్సిన అసలు లోపం ఇదే: సమాచారం ఉంది, సమన్వయం లేదు.