మెయిన్ కంటే ముందే జరిగిన తప్పు

సాహిత్య పత్రికకి కోడ్ గురించి రాయడమేంటని కొందరు అడగొచ్చు. ఈ సెమిస్టర్‌లో నాకు నిద్ర లేకుండా చేసింది ఒక సెగ్మెంటేషన్ ఫాల్ట్. దాని వల్ల ఒక స్నేహితుడికి నేను అన్యాయం కూడా చేశాను. అందుకే రాస్తున్నాను. నా వాదన ముందే చెప్పేస్తా: "నా మెషిన్‌లో పనిచేస్తోంది కదా" అనే మాటని మన ల్యాబుల్లో సమాధానంగా ఒప్పుకోవడం మానేయాలి.

మా నలుగురి మినీ ప్రాజెక్టు ఒక చిన్న డీబగ్గర్. జీడీబీ లాంటిదే, కాకపోతే దాని పక్కన పెడితే చీమంత. పీట్రేస్ అనే లైనక్స్ సిస్టమ్ కాల్‌తో ఇంకో ప్రోగ్రామ్‌ని ఆపడం, నడపడం ఒక భాగం. సింబల్స్ లోడ్ చేయడం ఇంకో భాగం. ప్రాసెసర్‌కి మన ఫంక్షన్ల పేర్లు తెలీవు, అడ్రసులే తెలుసు. ఏ అడ్రసు ఏ ఫంక్షన్‌దో ఎగ్జిక్యూటబుల్‌లోని సింబల్ టేబుల్ చెబుతుంది. ఏ లైన్‌దో డ్వార్ఫ్ సమాచారం చెబుతుంది. ఇవి చదవలేని డీబగ్గర్ ఉన్నా లేనట్టే.

సింబల్ లోడింగ్ రాసింది నేనే. చాలా తెలివైన డిజైన్ అనుకున్నా. సింబల్స్ ఫైల్‌లో ఒక గ్లోబల్ మ్యాప్ పెట్టా. అందులో ఫార్మాట్ పేరు, దాన్ని చదివే రీడరు ఉంటాయి. ఎల్ఫ్ ఫార్మాట్ చదివే ఫైల్‌లో ఇంకో గ్లోబల్ ఆబ్జెక్ట్ పెట్టా. దాని కన్‌స్ట్రక్టర్ మెయిన్ మొదలవకముందే వెళ్లి ఆ మ్యాప్‌లో తన పేరు రాయించుకుంటుంది. "కొత్త ఫార్మాట్ కావాలంటే కొత్త ఫైల్ పెడితే చాలు, పాత కోడ్ ముట్టుకోనక్కర్లేదు" అని అందరికీ గొప్పగా చెప్పుకున్నా.

నా ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి కూడా క్రాష్ కాలేదు. టీమ్‌లో ఒకడి ల్యాప్‌టాప్‌లో మాత్రం ప్రతిసారీ అయ్యేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మెషిన్ అది. "నీ సిస్టమే తేడా, ఫార్మాట్ కొట్టు" అన్నాను. నా మాట నమ్మి కొట్టాడు. రాత్రంతా కూర్చుని మళ్లీ అన్నీ ఇన్‌స్టాల్ చేసుకున్నాడు. అయినా క్రాష్. రివ్యూ రోజున ఎవరి మెషిన్‌లో వాళ్లని రన్ చేసి చూపించమన్నారు. వాడిది తెరుచుకోలేదు. "ఇన్‌స్టలేషన్ సరిగ్గా చేసుకోలేదు సార్" అన్నది కూడా నేనే. వాడికి మార్కులు తగ్గాయి.

తర్వాతి వారం ల్యాబ్ కంప్యూటర్‌లో నా చేత్తో రన్ చేస్తే అదే క్రాష్. అప్పుడు గానీ నేను జీడీబీ తెరవలేదు. మా డీబగ్గర్‌ని ఇంకో డీబగ్గర్‌తో డీబగ్ చేయాల్సి వచ్చింది, కంచే చేను మేసినట్టు. మెయిన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టా. అక్కడిదాకా రానేలేదు. బ్యాక్‌ట్రేస్‌లో అసలు మెయినే లేదు. ఎల్ఫ్ రీడర్ కన్‌స్ట్రక్టర్ ఉంది, దాని లోపల మ్యాప్‌లో ఎంట్రీ పెట్టే కోడ్ ఉంది, అక్కడే చచ్చింది. అంటే మ్యాప్ పుట్టకముందే అందులో పేరు రాయబోయాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సీ ప్లస్ ప్లస్‌లో ఒకే ఫైల్‌లో ఉన్న గ్లోబల్స్ రాసిన వరసలోనే తయారవుతాయి. వేర్వేరు ఫైళ్లలో ఉంటే ఏది ముందో భాష హామీ ఇవ్వదు. మామూలుగా మన లైనక్స్ మెషిన్లలో అది లింకర్‌కి ఆబ్జెక్ట్ ఫైళ్లు ఇచ్చిన వరసని బట్టి ఉంటుంది. మరి మా వరస ఎవరు ఇచ్చారు? మేక్‌ఫైల్‌లో వైల్డ్‌కార్డ్ పెట్టా. నాది ఉబుంటు 20.04, అందులో మేక్ 4.2.1. అది ఫైళ్లని డిస్క్‌లో ఎలా కనబడితే అలా ఇస్తుంది, నా అదృష్టం కొద్దీ సింబల్స్ ఫైల్ ముందొచ్చింది. వాడిది, ల్యాబ్‌ది ఉబుంటు 22.04, మేక్ 4.3. ఆ వెర్షన్ నుంచి వైల్డ్‌కార్డ్ ఫలితాలు అక్షర క్రమంలో వస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో 'ఈ' ముందు, 'ఎస్' తర్వాత. ఎల్ఫ్ ముందొచ్చింది, మ్యాప్ తర్వాతొచ్చింది. వాడు ఫార్మాట్ కొట్టి మళ్లీ 22.04 వేసుకున్నాడు కాబట్టి మళ్లీ అదే వరస. వాడి మెషిన్‌లో తేడా ఏమీ లేదు. నా తప్పుని ఉన్నదున్నట్టు చూపించింది అదే.

నేను మొదట చేసిన ఫిక్స్ సిగ్గుపడాల్సింది. మేక్‌ఫైల్‌లో ఫైళ్ల పేర్లు చేత్తో సర్ది, సింబల్స్‌ని ముందు పెట్టేశా. క్రాష్ పోయింది. కానీ రేపు ఎవరైనా ఆ లైన్‌ని అందంగా ఉంటుందని అక్షర క్రమంలో పెడితే మళ్లీ మొదటికే. కోడ్‌కి ఉన్న అవసరం కోడ్‌లో కనబడాలి, మేక్‌ఫైల్ మూలన దాక్కోకూడదు.

రెండో ఫిక్స్ నాలుగు లైన్లు. గ్లోబల్ మ్యాప్‌ని తీసేసి, ఒక ఫంక్షన్ లోపల స్టాటిక్‌గా పెట్టి, దాని రిఫరెన్స్ రిటర్న్ చేశా. ఎవరు ముందు అడిగితే అప్పుడే మ్యాప్ పుడుతుంది. చివరికి అది కూడా వదిలేసి, మెయిన్ మొదట్లోనే రీడర్లని పేరు పెట్టి పిలిచే ఒక ఫంక్షన్ రాశాం. జీడీబీ కూడా ఇలాంటి పద్ధతే పాటిస్తుంది. దాని సోర్స్ ఫైళ్లకి సొంత ఇనిషియలైజ్ ఫంక్షన్లుంటాయి, వాటన్నిటినీ ప్రోగ్రామ్ మొదలవగానే ఒకచోటి నుంచి పిలుస్తారు. కొత్త ఫార్మాట్‌కి ఒక లైన్ ఎక్కువ రాయాలి, నిజమే. కానీ ఏది ముందు జరుగుతుందో చదివే వాడికి కంటికి కనిపిస్తుంది.

"ఇదంతా సీ ప్లస్ ప్లస్ గొడవ, మాది పైథాన్" అనేవాళ్లకి ఒక మాట. రెండు మాడ్యూల్స్ ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటే వచ్చే "పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్" ఎర్రర్ దీనికి చుట్టమే. పైథాన్ కనీసం పేరు పెట్టి తిడుతుంది.

మన ల్యాబుల్లో అడిగే ప్రశ్న ఒక్కటే: అవుట్‌పుట్ వచ్చిందా? వస్తే టిక్, రాకపోతే నీ కర్మ. మంచి మెషిన్ ఉన్నవాడి తప్పు దాక్కుంటుంది, లేనివాడి మీద నింద పడుతుంది. నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి ప్రాజెక్టునీ రాసినవాడి మెషిన్‌లో కాకుండా ఇంకో మెషిన్‌లో బిల్డ్ చేసి చూడాలి. ఒకచోట ఆడి ఇంకోచోట ఆడకపోతే, బ్యాక్‌ట్రేస్ చూసేదాకా ఎవర్నీ ఏమీ అనకూడదు. సీ ప్లస్ ప్లస్ వాళ్లు అడ్రస్ శానిటైజర్‌లో ఇనిషియలైజేషన్ ఆర్డర్ చెక్‌ని స్ట్రిక్ట్‌గా ఆన్ చేసుకోండి. ఆ పని నేను మొదట్లోనే చేసుంటే నా ల్యాప్‌టాప్‌లోనే దొరికేది.

మార్కుల సంగతి సార్‌కి వెళ్లి చెప్పాను, సరిచేశారు. ఈ వ్యాసం పంపే ముందు వాడికి చూపించా. మొత్తం చదివి, "బానే రాశావ్ గానీ, ఫార్మాట్‌లో పోయిన మా అక్క పెళ్లి ఫొటోలు రావు కదరా" అన్నాడు.