ఓపిక కాదు, పని

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు బడిపిల్ల కుట్టిన శాంప్లర్ ఏ మ్యూజియం ఫొటోలోనో కనబడగానే మనం అనే మొదటి మాట: "అబ్బ, ఎంత ఓపికో!" నా పేచీ ఆ మాటతోనే. ఓపిక అనేసరికి గుడ్డ మీదున్న పని మాయమైపోతుంది.

అక్షరాలు, అంకెలు, ఓ పూలతీగ, కింద పేరు, వయసు. చాలా శాంప్లర్లు ఇంతే. పేదపిల్లలకి ఆ అక్షరాలు నేర్పింది కవిత్వం రాసుకోమని కాదు. రేపు ఏ దొరగారింట్లోనో పనికి కుదిరితే దుప్పట్ల మీద, తువ్వాళ్ల మీద యజమాని పొడి అక్షరాలు కుట్టాలి కదా, అందుకు.

ఎలిజబెత్ పార్కర్ ఆ విద్యనే ఎదురు తిప్పింది. 1813లో ససెక్స్‌లో పుట్టింది. పనిమనిషిగా చేరి, యజమాని దౌర్జన్యం పడి, చచ్చిపోదామనుకుంది. 1830 ప్రాంతంలో, తనకి రాయడం రాదని చెబుతూనే, ఆ కథంతా లినెన్ గుడ్డ మీద ఎర్రదారంతో కుట్టింది. పూలు లేవు, అంచు లేదు. చివరి వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఈ ఆత్మకథని ఇప్పటికీ కుట్లపని కిందే జమకడదామా?

ఇంగ్లండు గొడవ మనకెందుకంటారా? నరసాపురం లేసు చూడండి. మిషనరీలు నేర్పిన అల్లిక విదేశాలకెళ్లే సరుకైంది. అల్లిన ఆడవాళ్లు మాత్రం ఖాళీ టైములో ఏదో అల్లుకునే గృహిణులుగానే మిగిలారు. అది పనేనని చెప్పడానికి మరియా మీస్ 1982లో ఓ పుస్తకమే రాయాల్సి వచ్చింది.

పిల్లల చేతిపని, చదువు ఒకేచోట కలిసే ఇంకో ఊరు మార్కాపురం. ఎన్నో ఊళ్ల పిల్లలు అ ఆలు దిద్దిన పలకలు ఇక్కడివే. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం కింద ముందుగా ఎంచుకున్న పరిశ్రమల్లో ఈ పలకల పరిశ్రమ కూడా ఉంది. అంటే పలక పట్టాల్సిన వయసులో పలకలు తయారుచేశారన్నమాట. శాంప్లర్ మీద కనీసం కుట్టిన పిల్ల పేరుంటుంది. ఈ పలకల మీద అదీ లేదు.

కాబట్టి ఓపికని మెచ్చుకోవడం ఇక ఆపుదాం. ఎవరు చేయించారు, కూలి ఎంతిచ్చారు, చేసిన పిల్లకి చదువు దక్కిందా అని అడుగుదాం. ఆడపిల్ల సూదితో చెప్పిన కథని సాహిత్య చరిత్రలోకి తీసుకోకపోతే, ఆ చరిత్ర కాగితం, కలం దొరికినవాళ్లది మాత్రమే.