గృహవిజ్ఞానము: రెండు యంత్రములు, ఒక భాష



మా యింట జరిగిన యొక పొరపాటును చెప్పుకొనక తప్పదు. మాకు రెండు కంప్యూటర్లు కలవు. మావారు పాఠశాల పనులకు వాడునది లినక్సు. ఇదియు విండోసువలెనే కంప్యూటరును నడపు వ్యవస్థ. దీనికి వెల లేదు. మా అమ్మాయి వాడునది విండోసు. ప్రింటరు అమ్మాయి యంత్రమునకే తగిలించియున్నది. కావున మావారు మార్కులపట్టికను పెన్‌డ్రైవులో నెక్కించి, అక్కడికి మార్చి అచ్చు తీయుచుండెడివారు. ఒకమాఱు దిద్దుబాటు లినక్సులో జరిగెను. అచ్చయినది మాత్రము విండోసులోని పాత ప్రతి. లెక్కలలో 71 మార్కులు వచ్చిన యొక బాలికకు 17 అని పడెను. ఆ పిల్ల రెండు దినములు సరిగా నన్నము తినలేదట. ఒకే పట్టిక రెండుచోట్ల నుండుటయే యింతకును మూలము.

ఒక్క ప్రతినే యిరువురును వాడుకొనుటకు మార్గము లేదా? 1956 వఱకు బీదరు జిల్లాలో నుండిన మా నారాయణఖేడు ప్రాంతమున తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినబడును. అంగడిలో నెదుటివారి మాట వినివిని నేర్చుకొని బేరమాడుదుము. లినక్సునకు విండోసు మాట వచ్చినదియు నిట్లే. 1991-92 ప్రాంతమున ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో విద్యార్థిగా నుండిన ఆండ్రూ ట్రిడ్జెల్, యంత్రములు తమలో నంపుకొను సందేశములను గమనించి, వాని నియమములను గ్రహించి ‘సాంబా’ యను సాధనమును ప్రారంభించెను. ఆ భాష పేరు ఎస్.ఎం.బి. సాంబా నేటికిని ఉచితముగనే లభించును.

చేయవలసిన విధము వినుడు. రెండు యంత్రములును ఇంటిలోని ఒకే వైఫైకి కలిసియుండవలెను. లినక్సులో సాంబాను చేర్చి, పంచుకొనదలచిన పత్రములకు మాత్రమే యొక ఫోల్డరు నేర్పఱుపుడు. వాడువారికి లినక్సులో నొక ఖాతాయు, సాంబాలో వేఱుగ నొక పాస్‌వర్డును ఉండవలెను. మొదటి పాస్‌వర్డే చాలుననుకొని నే నొక సాయంకాలమంతయు పోగొట్టుకొంటిని! పిమ్మట విండోసులో ఫైళ్లు చూపు కిటికీయొక్క పైపట్టీలో, వెనుకకు వాలిన గీతలు రెండు పెట్టి, లినక్సు యంత్రము పేరు వ్రాసినచో ఆ ఫోల్డరు కనబడును.

ప్రింటరు సంగతి దీనికి తలక్రిందులు. విండోసులో దానిని పంచుకొనుట కనుమతించి, లినక్సులో ‘కప్స్’ అను ముద్రణవ్యవస్థ ద్వారా చేర్చుకొనవలెను. అచ్చు తీయునపుడు విండోసు యంత్రము నడచుచుండవలెను. వైఫై గల క్రొత్త ప్రింటరయినచో, సాధారణముగ రెండు కంప్యూటర్లును దానితో సూటిగనే మాటాడును.

వాకిలి తెఱచినపుడు గడియ మఱవరాదు. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ యను చెఱుపు, విండోసులోని ఎస్.ఎం.బి. మొదటి రూపమునందలి లోపముద్వారా లోకమంతట వ్యాపించి, పత్రములకు తాళము వేసి ధనమడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు దాని పాలబడెను. సవరణను మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలల ముందే మార్చిలో విడుదల చేసియుండెను! కావున ఆ పాత రూపమును తెఱువుమని యెవరైన చెప్పినను వినకుడు; సవరణలను వాయిదా వేయకుడు; పాస్‌వర్డు లేని ప్రవేశము నెవరికిని ఈయకుడు. వారమున కొకసారి యా ఫోల్డరు నకలును వేఱొకచోట దాచుడు. అది భద్రమునకే గాని దిద్దుటకు గాదు.

ఇప్పుడు మా యింట దిద్దు పట్టిక యొక్కటే. మావారు సరియైన ప్రతిని తీసికొని స్వయముగ నా బాలిక యింటికి పోయి, ఆమె తండ్రియెదుట తన పొరపాటు నొప్పుకొని వచ్చిరి. ఆ పిల్ల మరునాడే బడికి వచ్చినదట.