చెయ్యెత్తలేని వీరుడి మాట

"సాఫ్ట్‌వేరోళ్ళకి ఒళ్ళలిసే పనేముందిరా, ఏసీలో కూచోడమేగా!" అంటాడు మా మామయ్య. నేనూ నిజమే అనుకునేవాణ్ణి, 2024 అక్టోబరు దాకా. అప్పుడు మా టెస్ట్ ల్యాబ్‌ని పై అంతస్తుకి మారుస్తున్నాం. ఆ పనికి వేరే మనుషులుంటారు. కానీ శుక్రవారం రాత్రి, సోమవారం పొద్దున్నకి అన్నీ నడవాలి. సరే అని మేమే మొదలెట్టాం. ర్యాక్‌లోంచి లాగిన సర్వర్ ఓ పక్కకి జారితే కుడిచేత్తో ఠక్కున పట్టేశాను. సర్వర్ బతికింది. నా భుజంలో ఏదో పుటుక్కుమంది.

అది ప్రమాదం, ఎవరికైనా జరుగుతుంది. తర్వాత మూడు నెలలు చేసింది మాత్రం అచ్చంగా నా తెలివితక్కువతనం. మేనేజరు "ఆల్ ఓకే?" అంటే "ఓకే" అన్నాను. ముందు రిలీజ్, ఆ వెనకే అప్రైజల్ మరి! బాములూ, నొప్పి మాత్రలతో లాగించాను. చొక్కా తొడగడానికి అమ్మ రావాల్సొచ్చాక గానీ డాక్టరు దగ్గరికి కదల్లేదు.

భుజం కీలుని పట్టి ఉంచే నాలుగు కండరాల్ని రొటేటర్ కఫ్ అంటారు. అందులో ఒకదాని టెండన్ ఎముక నుంచి ఊడిందని ఎమ్మారైలో తేలింది. ఆలస్యం చేస్తే ఊడిన కొస వెనక్కి లాక్కుపోతుందట, కండరం సన్నబడుతుందట. 2025 జనవరిలో చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, ఆ కొసని ఎముకకి కుట్టారు. "కుట్టడం మా పని, అతకడం మీ ఒంటి పని" అన్నారు డాక్టరు గారు.

ఆ అతికే పని నెలలు పట్టింది. ఆరు వారాలు స్లింగ్. సగం కూచునే నిద్ర. నేను ఎడమచేత్తో అన్నం తినడం చూడలేక నాయనమ్మే ముద్దలు కలిపి పెట్టింది. నొప్పి తగ్గగానే బాగైపోయిందనుకుంటాం కానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందుకే మొదట ఫిజియో మన చెయ్యి కదుపుతారు, తర్వాత మనం కదపాలి, బరువులు చివర్న.

భుజం నొప్పనగానే ఆపరేషన్‌కి పరిగెత్తమనడం లేదు. ఏమీ ఊడకుండా, చెయ్యెత్తితే మాత్రం నొప్పెట్టే వాళ్ళకి ఎముక కాస్త చెక్కే సర్జరీ ఒకటుంది. 2018లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ పరీక్షలో, అది ఉత్తుత్తి సర్జరీ కన్నా చెప్పుకోదగ్గంత మేలేం చెయ్యలేదు. నేననేది ఏదైనా ముందు చూపించుకోమనే.

చూపించుకోడమే కాదు, చెప్పండి కూడా. ఆ శుక్రవారమే రెండు లైన్ల మెయిల్ కొట్టుంటే అది పనిలో తగిలిన దెబ్బని రికార్డుండేది. మూడు నెలలాగి చెబితే హెచ్చార్ వాళ్ళు "క్రికెట్ ఆడతారా?" అనడిగారు. సెలవులు నావే కరిగాయి. గట్టిగా వాదిద్దామంటే నా చేతిలో కాగితం లేదు.

బగ్ కనబడితే ఆరోజే లాగ్ చేస్తాం కదా. మన ఒంటికి మాత్రం ఎందుకు "ఓకే" అంటాం?