ఖాళీ ఉంటేనే ఇల్లు చేరాలా?

దేశంలో విమానాశ్రయాల సంఖ్య ఎంత పెరిగిందో పాలకులు ప్రతి సభలోనూ చెబుతారు. ఆ విమానాశ్రయాల నుంచి అనుకున్న రోజున ఇంటికి చేరగలమన్న భరోసా ఎంతమందికి ఉన్నదో మాత్రం ఏ సభలోనూ చెప్పరు. ద్వీపవాసులకైనా, పుదుచ్చేరి వంటి చిన్న పట్టణాల వారికైనా అసలు కావలసినది ఆ భరోసాయే.

‘స్టాండ్‌బై’ అనే మాటకు అర్థం సులభం. చేతిలో టికెట్ ఉంటుంది, విమానంలో సీటు ఉండదు. ఎవరైనా రాకపోతే, బరువు లెక్క కుదిరితే, చివరి నిమిషంలో పిలుస్తారు. మన దేశంలో ఇలా ప్రయాణించేది ఎక్కువగా రాయితీ టికెట్లున్న విమాన సంస్థల ఉద్యోగులే. కాని ఒక విమానం రద్దయి, తరువాతివి నిండి ఉంటే, పూర్తి ధర చెల్లించిన పౌరుడూ అదే వరుసలో నిలబడతాడు.

ఈ మధ్య అండమాన్ విహారం ముగించుకొని లాస్‌పేటకు తిరిగివస్తూ నేనూ ఆ వరుసలో నిలబడ్డాను. హావ్‌లాక్ అని అందరూ పిలిచే స్వరాజ్ ద్వీపంలో చివరి ఉదయం గడిపి, పడవలో శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్‌బ్లెయిర్, చేరేసరికి విమానం రద్దయిందని తెలిసింది. మరునాటి విమానంలో ఖాళీ ఉంటే ఎక్కిస్తామన్నారు. నా పక్కన కూర్చున్న మహిళ అక్కడే పుట్టిపెరిగిన తెలుగామె. ఆమె పెద్దలది శ్రీకాకుళం ప్రాంతం. తండ్రిని చికిత్స కోసం చెన్నైకి తీసుకువెళుతున్నారు. మా ఇద్దరిలో ఎవరి పేరు ముందున్నదని అడిగితే కౌంటర్‌లో సమాధానం లేదు. నాకు ఒకరోజు సెలవు పెరిగింది; ఆమెకు వైద్యుడిచ్చిన సమయం దాటిపోయింది.

విహారయాత్రికుడికీ ద్వీపవాసికీ తేడా ఇదే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ ప్రజల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చదువుకు, పెద్ద వైద్యానికి, పెళ్ళికి, చావుకు వారు ప్రధాన భూభాగానికి రావలసిందే. చెన్నైకైనా విశాఖపట్నానికైనా ఓడలో సుమారు మూడు రోజుల ప్రయాణం. వారికి విమానం విలాసం కాదు, మనకు బస్సు ఎటువంటిదో వారికి విమానం అటువంటిది.

రైల్వేను మనం ఎన్ని మాటలైనా అనవచ్చు. కాని నిరీక్షణ జాబితాలో మన అంకె ఎంతో అది టికెట్ మీదనే చెబుతుంది. ఆర్‌ఏసీ అయితే కనీసం కూర్చునే చోటిస్తుంది. అత్యవసర కోటా కోసం ఎంపీల సిఫారసు లేఖలు తిరుగుతాయన్నది నిజమే. అయినా వరుస అంటూ ఒకటి ఉన్నదని ప్రయాణికుడికి తెలుసు. విమానాశ్రయంలో ఆ వరుసే కనిపించదు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనుకోవలసిందే.

ఇక గమ్యస్థానం సంగతి. అండమాన్ నుంచి పుదుచ్చేరి రావాలంటే చెన్నైలో దిగి సుమారు 150 కిలోమీటర్లు రోడ్డుపై రావాలి. లేదా హైదరాబాదులోనో బెంగళూరులోనో విమానం మారి లాస్‌పేటలో దిగాలి. లాస్‌పేట విమానాశ్రయ చరిత్రే ఒక నిరీక్షణ జాబితా. 2013 జనవరిలో బెంగళూరు సర్వీసు మొదలైంది, మరుసటి ఏడాది ఆగింది. 2015లో మరో సంస్థ వచ్చింది, ఆ ఏడాదే వెళ్ళిపోయింది. 2017 ఆగస్టులో ఉడాన్ పథకం కింద హైదరాబాదు విమానం వచ్చింది. కోవిడ్ కాలంలో ఆగి, 2022 మార్చిలో మళ్ళీ మొదలై, 2024 మార్చి చివరికల్లా నిలిచిపోయింది. 2024 డిసెంబరు 20న ఇండిగో వచ్చేదాకా ఊరికి విమానాశ్రయం ఉన్నది, విమానం లేదు. రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు. పెద్ద జెట్ విమానాలకు అది చాలదు, ఏటీఆర్-72 వంటి టర్బోప్రాప్ విమానాలే దిగగలవు. పొడిగించాలంటే పక్కనున్న తమిళనాడు భూమి కావాలి. ఏళ్ళు గడుస్తున్నా ఆ దస్త్రం తేలలేదు.

దీని భారం యానాం తెలుగువారికి బాగా తెలుసు. వారి రాజధాని 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరి పాలన. నేలమీదనే ఉన్నా అదీ ఒక ద్వీపమే.

ఇది లాస్‌పేట ఒక్కదాని కథ కాదు. 2023లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ప్రకారం పరిశీలించిన 774 ఉడాన్ మార్గాల్లో మొదలైనవి 371. మూడేళ్ళ రాయితీ కాలాన్ని పూర్తిచేసినవి 112. ఆ గడువు తరువాత 2023 మార్చి నాటికి మిగిలినవి 54. రాయితీ డబ్బు సంస్థల నష్టాన్ని పూడ్చింది. ప్రయాణికుడికి హక్కును ఇవ్వలేదు. 2025 డిసెంబరులో ఒక్క ఇండిగో సిబ్బంది లెక్కలు తప్పగానే వేల విమానాలు రద్దయి, కేంద్రం ఛార్జీలకు గరిష్ఠ పరిమితి విధించవలసి వచ్చింది. మార్కెట్టే అన్నీ చూసుకుంటుందన్న వాదన ఆ వారంలో ఎక్కడకు పోయింది?

నిబంధనలు లేవని కాదు. ఖరారైన టికెట్ ఉన్నవారిని ఎక్కించుకోకపోతే గంటలోపు మరో విమానం చూపాలి. లేదంటే జాప్యాన్ని బట్టి రూ.10,000 లేదా రూ.20,000 వరకు పరిహారం ఇవ్వాలని 2016 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ నియమం చెబుతోంది. కాని రద్దయిన విమానం నుంచి తరువాతి విమానానికి మారేవారిలో ఎవరు ముందు అన్న ప్రశ్నకు ప్రయాణికుడికి కనిపించే జవాబు లేదు.

ఇతర దేశాలు ఈ ప్రశ్నను వేరుగా చూశాయి. స్పెయిన్ తన కానరీ, బలియారిక్ ద్వీపవాసులకు ప్రధాన భూభాగానికి వెళ్ళే విమాన టికెట్లపై 75 శాతం రాయితీ ఇస్తోంది. స్కాట్లండ్ కూడా తన మారుమూల ద్వీపవాసులకు రాయితీ ఇస్తోంది. అక్కడ రాయితీ మనిషి వెంట నడుస్తుంది. ఇక్కడ మార్గం వెంట నడిచి, మార్గంతోపాటే మాయమవుతుంది.

కావలసినవి మూడే. రద్దయిన విమానాల ప్రయాణికుల వరుస బహిరంగంగా ఉండాలి. అందులో రోగికీ, పరీక్షకు వెళ్ళే విద్యార్థికీ, అంత్యక్రియలకు వెళ్ళే వారికీ ముందు స్థానం ఉండాలి. ద్వీపాల్లో స్థిరనివాసులకు ఏటా కొన్ని ప్రయాణాలకైనా ఛార్జీ స్థిరంగా ఉండాలి. రాయితీ తీసుకున్న సంస్థ గడువు ముగియగానే మూటముల్లె సర్దుకోకుండా, ప్రత్యామ్నాయం వచ్చేవరకు సర్వీసు నడపాలి.

రాష్ట్ర హోదా కోరుతూ పుదుచ్చేరి శాసనసభ ఎన్నిమార్లు తీర్మానించిందో లెక్కపెట్టడం స్థానికులు మానేశారు. ఢిల్లీ ఖాళీ చూసి పిలుస్తుందని ఎదురుచూడటం ఇక్కడి రాజకీయానికి అలవాటైపోయింది. ఆ అలవాటును పౌరుడి ప్రయాణానికి కూడా అంటించవద్దు. ఇల్లు చేరడం ఎవరో మిగిల్చిన సీటు మీద ఆధారపడినంతకాలం అది హక్కు కాదు, దయ మాత్రమే.