సామానుతో పాటు అలవాట్లనూ సర్దుకుందాం

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెలు వస్తాయి. గిన్నెలకు పాత దినపత్రికలు చుడతాం. టి.సి. కోసం దరఖాస్తు పెడతాం. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఐదుసార్లు ఈ పని చేసిన కుటుంబం మాది. ప్రతిసారీ సామాను జాబితా రాసుకున్నాం గాని, రెండింటిని మాత్రం ఎప్పుడూ అందులో రాయలేదు. ఒకటి వేళకు ఇంటి భోజనం, రెండోది సాయంత్రం ఆట. ఆ రెండూ దారిలోనే పోయేవి.

జోధ్‌పూర్ నుంచి ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు మా సామాను లారీ రావడానికి మూడు వారాలు పట్టింది. క్వార్టరు దొరకడానికి ఇంకో నెల. కుక్కరు లారీలో, మేము గెస్ట్‌హౌస్‌లో. పొద్దున పూరీ, మధ్యాహ్నం సమోసా, రాత్రి నూడుల్స్. పొయ్యి వెలిగించాక కూడా ఆ రుచులు మమ్మల్ని వదల్లేదు. వేసవిలో ఊరెళ్తే అమ్మమ్మ "కాస్త ఒళ్ళు చేశారు" అని సంతోషించింది. మాకు మాత్రం రెండో అంతస్తు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చేది.

మీలో చాలామందికీ ఇదే అనుభవం. పాత ఊళ్ళో కబడ్డీ జట్టు ఉండేది. కొత్త ఊళ్ళో పేరు పెట్టి పిలిచేవాళ్ళే ఉండరు. పాత స్నేహితులంతా ఫోనులోనే కాబట్టి సాయంత్రం తలుపు వేసుకుని ఫోను పట్టుకుంటారు. పక్కన చిప్స్ పొట్లం. ఆ తినేది ఆకలికి కాదు, తోచక. ఇలాంటి పిల్లల్ని చూసి "బద్ధకం" అనేయడం పెద్దవాళ్ళకు చాలా తేలిక.

ఆ పెద్దవాళ్ళలో ఒకప్పుడు మేమూ ఉన్నాం. ఏడో తరగతిలో సంవత్సరం మధ్యలో చేరిన ఒక అమ్మాయితో "ఏమ్మా, నీ డబ్బాలో మాకూ కాస్త మిగులుస్తావా?" అని నవ్వులాటకు అన్నాం. తరగతంతా నవ్వింది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి డబ్బా మూత తియ్యలేదు. వారం తర్వాత ప్రార్థన వేళ కళ్ళు తిరిగి కూర్చుండిపోతే గాని మాకు సంగతి తెలియలేదు. క్షమించమని అడిగాం. "పరవాలేదు టీచర్" అంది. మాకు మాత్రం ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. అప్పటి నుంచి మా తరగతిలో ఎవరి ఒంటి మీదా హాస్యం లేదు.

"లంఖణం పరమౌషధం" అన్నారు పెద్దలు. అజీర్తి చేసినప్పుడు ఒక పూట మానడానికి పనికొచ్చే మాట అది, ఎదిగే పిల్లలు బరువు తగ్గడానికి కాదు. ఒక పూట మానితే రెండో పూట రెండింతలు తింటాం. మీ వయసులో ఎత్తు పెరుగుతూ ఉంటుంది. చాలామందికి బరువు మరీ పెరగకుండా చూసుకుంటే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ ఒళ్ళు సరిపోతుంది. అసలు తగ్గాలా, తగ్గితే ఎంత అన్నది డాక్టరు చెప్పాలి, పక్క బెంచీవాళ్ళు కాదు.

మరి తినడం ఎలా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళే. మిగతా సగంలో అన్నం లేదా రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు లాంటివి. మన పళ్ళేలు చూడండి. అన్నం కొండంత, కూర గోరంత! ఏ ఊరెళ్ళినా అక్కడి సంతలో చవకగా దొరికేదే మంచి తిండి. రాజస్థాన్‌లో బాజ్రా రొట్టె తిన్నాం. తీరా చూస్తే అది మన సజ్జ రొట్టే. ఖరగ్‌పూర్‌లో మరమరాల్లో ఉల్లిపాయ, కీరదోస, నానిన శనగలు కలుపుకోవడం నేర్చుకున్నాం. చిప్స్ పొట్లం దానంతటదే తగ్గింది.

కూల్‌డ్రింకు కొనే ముందు సీసా మీది చిన్న అక్షరాలు చదవండి. చాలావాటిలో 100 మి.లీ.కి సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. 300 మి.లీ. తాగితే ఆరేడు చెంచాల చక్కెర తిన్నట్టే. 2020 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ పిల్లలకు అమ్మకూడదు. యాభై ఒకటో మీటరు దగ్గర మనల్ని ఆపాల్సింది మన బుద్ధే.

ఇక ఆట. మీ వయసువాళ్ళు రోజూ కనీసం 60 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కొత్త ఊళ్ళో తోడు లేరని ఆగకండి. స్కిప్పింగ్ తాడు సంచి మూలన పడుంటుంది, దానికి జట్టు అక్కర్లేదు. చేరిన మొదటి సాయంత్రమే మైదానానికి వెళ్ళి గీత పక్కన నిలబడండి. బంతి మీ వైపు వచ్చినప్పుడు తిరిగి విసరండి. భాష రాకపోయినా ఆటలో చేరిపోవచ్చు.

మేమూ అలాగే మొదలుపెట్టాం. రోజూ సాయంత్రం నడక, రాత్రి ఇంటి భోజనం. బెల్టు రెండు రంధ్రాలు వెనక్కి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. పది రోజుల్లో సన్నబడతారనే ప్రకటనలను మేము నమ్మం, మీరూ నమ్మకండి.

ఈసారి బదిలీ వస్తే చిన్న కుక్కరు, స్కిప్పింగ్ తాడు లారీలో వెయ్యం, చేతి సంచిలోనే పెట్టుకుంటాం. మీరూ అలాగే చెయ్యండి. మీ తరగతిలోకి కొత్తవాళ్ళెవరైనా వస్తే, వాళ్ళు లావో సన్నమో చూడకండి. ముందు ఆటకు పిలవండి.